ప్రయాణికుడు రాయబారి కాడు

ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా చరిత్ర పాఠం చెప్పారు. క్లాసులో ఎవరేమన్నా ముందు ఆధారం అడిగేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరున మాట్లాడేవాళ్లు కనీసం ఆ పద్ధతైనా పాటించాలి కాబట్టి, మనలో ఎవరూ ఆధారం అడగని ఒక మాటను ఇవాళ తీసుకుంటాను. పిల్లలు పైచదువులకో, పెద్దలు విహారానికో విదేశం బయల్దేరితే ఇంట్లోవాళ్లు, పత్రికలవాళ్లు, నాయకులు ఒకటే బుద్ధి చెబుతారు: దేశం పరువు నీ చేతిలో ఉంది, నిన్ను చూసే అక్కడివాళ్లు మనందరినీ లెక్కగడతారు. ఈ బుద్ధులు చెప్పేది మనమొక్కరమే కాదు. 1950ల చివర్లో అమెరికా ప్రభుత్వం అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌ పేరిట ఒక ఉత్తరాన్ని పాస్‌పోర్టులతో పాటు ఇచ్చి, బయట మీరే దేశానికి ప్రతినిధులని పౌరులకు గుర్తుచేసింది. చైనా 2013లో పర్యాటక చట్టం చేసి, మర్యాదగా మెలగడాన్ని పర్యాటకుడి విధుల్లో చేర్చింది. వినడానికి ఎంతో సబబుగా ఉండే ఈ మాట తప్పని నా వాదన. ఫలానా దేశంవాడని ప్రయాణికుడి మీద పడే ముద్రను వేసేవి రాజ్యాల మధ్య జరిగే యుద్ధాలు, చట్టాలు, కూలీల రవాణా, అప్పుల లావాదేవీలు. ముందు వెళ్లినవాళ్ల నడవడికి అందులో ఉన్న వాటా చాలా తక్కువ. ప్రయాణికుడు ఆ ముద్రను మోస్తాడు. దాన్ని వేసే శక్తీ, చెరిపే శక్తీ అతనికి లేవు.

మొదట ఒక ప్రయోగం సంగతి. 1930లో మొదలుపెట్టి రెండేళ్లపాటు రిచర్డ్‌ లాపియెర్‌ అనే అమెరికన్‌ సామాజిక శాస్త్రవేత్త ఒక చైనా యువ దంపతులతో కలిసి కారులో అమెరికా తిరిగాడు. చైనా కూలీలను దేశంలోకి రానివ్వకుండా 1882లో చేసిన చట్టం అప్పటికీ అమలులోనే ఉంది. దారిలో బసలు, భోజనశాలలు కలిపి 251 చోట్ల ఆగితే, కాదు పొమ్మన్నది ఒక్కచోట. కొన్ని నెలలు ఆగి లాపియెర్‌ అవే చోట్లకు ఉత్తరాలు రాశాడు: మీ దగ్గర చైనావాళ్లకు చోటిస్తారా అని. జవాబిచ్చిన 128 మందిలో నూటికి తొంభైమందికి పైగా ఇవ్వమనే రాశారు. 1934లో అచ్చయిన ఈ పరిశోధనను మనుషుల మాటకీ చేతకీ పొంతన ఉండదని చూపడానికి వాడతారు. నాకు అందులో ఇంకో సంగతి కనబడుతుంది. ఆ దంపతులు చక్కని ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, నవ్వుతూ పలకరించేవాళ్లు. దేశం పరువు నిలబెట్టే పరీక్ష అంటూ ఒకటి ఉంటే మొదటి ర్యాంకు వాళ్లదే. ఆ మర్యాద వాళ్లకు ఆ రాత్రికి గది సంపాదించిపెట్టింది గానీ చైనావాళ్ల గురించి ఆ హోటలు రాసే జవాబును మార్చలేదు. జవాబు రాసినవాడూ గది ఇచ్చినవాడూ ఒకరే అయ్యుండరని ఈ ప్రయోగాన్ని విమర్శించినవాళ్లున్నారు, ఆ విమర్శలో బలం ఉంది. కానీ అదే ఇల్లు, అదే యాజమాన్యం. గంజాయివనంలో తులసిమొక్క అని ఎవరినైనా మెచ్చుకున్నంత మాత్రాన వనం మీద ఇచ్చిన తీర్పు పోదు. ఆ మెప్పు నిలబడేదే ఆ తీర్పు మీద.

మరి ఆ తీర్పు ఎక్కడ పుడుతుంది? 1933లో డేనియల్‌ కట్జ్‌, కెన్నెత్‌ బ్రేలీ ప్రిన్స్‌టన్‌ విశ్వవిద్యాలయంలో వందమంది విద్యార్థులకు పది జాతుల పేర్లు, ఒక విశేషణాల జాబితా ఇచ్చి, ఎవరికి ఏది తగుతుందో చెప్పమన్నారు. తురుష్కుడి ముఖం చూసి ఎరగని కుర్రాళ్లు కూడా టర్కీవాళ్లు క్రూరులని గుర్తుపెట్టారు. జపనీయులు తెలివైనవాళ్లు, కష్టజీవులు అన్నారు. అదే విశ్వవిద్యాలయంలో తర్వాతి తరం విద్యార్థులతో మళ్లీ చేసి 1951లో ప్రకటించిన అధ్యయనంలో జపనీయులు కాపీరాయుళ్లు, జిత్తులమారులు అయిపోయారు. 1969 నాటి మూడో అధ్యయనంలో తిరిగి కష్టజీవులయ్యారు. ఈలోగా జపాన్‌ నుంచి వచ్చిన ప్రయాణికులు ఒకసారి మర్యాద మరిచిపోయి, మరోసారి నేర్చుకున్నారా? జరిగిందల్లా 1941లో పెరల్‌ హార్బర్‌ మీద దాడి, నాలుగేళ్ల యుద్ధం, ఆ తర్వాత రెండు ప్రభుత్వాల మైత్రి. వియత్నాం యుద్ధం రోజుల్లోనూ, 2003లో ఇరాక్‌ మీద దాడి తర్వాతా కొందరు అమెరికన్‌ యువకులు యూరప్‌ వెళ్లేటప్పుడు వీపు సంచీకి కెనడా మేపుల్‌ ఆకు కుట్టుకునేవారని చెబుతారు. మనిషి అతనే, భాష అదే, నడవడీ అదే. మారింది సంచీ మీది గుడ్డ ముక్క ఒక్కటి. తమ మీద ముద్ర ఎక్కడి నుంచి పడుతోందో ఆ కుర్రాళ్లకు ఐసన్‌హోవర్‌ ఉత్తరం కంటే బాగా తెలుసు.

తెలుగువాళ్లకు ఈ పాఠం అమెరికాలో కంటే చాలా ముందే రంగూన్‌ రేవులో దొరికింది. మనం దాన్ని దాదాపు మరిచిపోయాం కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను. గంజాం నుంచి గోదావరి దాకా ఉన్న జిల్లాల పేదలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఓడెక్కి బర్మా వెళ్లేవారు. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ ఎక్కడ పని చూపిస్తే అక్కడే చెయ్యాలి. రంగూన్‌లో ఓడల్లోకి బియ్యం బస్తాలు ఎత్తే పని ఎక్కువగా వీళ్లదే. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె రాజీ కుదిరి తెలుగువాళ్లను తిరిగి తీసుకున్న రోజున, ఎప్పటిలాగే పనికి వచ్చిన బర్మావాళ్లను పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. చట్టం దృష్టిలో అప్పటికి బర్మా వేరే దేశం కూడా కాదు. అది బ్రిటిష్‌ ఇండియా నుంచి విడిపోయింది 1937లో. అయినా రేవులో బస్తా మోసేవాడు అప్పటికే పరాయిదేశస్థుడు. దీనికి తోడు ఆ ఏళ్లలోనే ప్రపంచ మాంద్యం వచ్చి బియ్యం ధర కుప్పకూలింది. అప్పు తీర్చలేని బర్మా రైతుల భూములు ఆ అప్పులిచ్చిన తమిళ వడ్డీవ్యాపారులు చెట్టియార్ల చేతికి పోయాయి. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల కింద ఉన్నది సాగుభూమిలో 6 శాతం, 1938 నాటికి 25 శాతం. భూమి పోయిన రైతుకి భారతీయుడంటే ఎవరో వేరే చెప్పాలా? చెట్టినాడు వడ్డీవ్యాపారికీ, శ్రీకాకుళం బస్తా కూలీకీ భాష కలవదు, కులం కలవదు, ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. భారతీయుల మీద కోపం చెలరేగినప్పుడు దెబ్బలు మాత్రం ఉమ్మడిగానే పడ్డాయి. 1942లో జపాన్‌ సేనలు వచ్చాక లక్షలమంది కాలినడకన అడవులు దాటి పారిపోయి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇంకా మిగిలుంది. రంగూన్‌ రేవులో ఆ కూలీ ఎంత వినయంగా నడుచుకుని ఉంటే బర్మా రైతు కళ్లలో భారతీయుడి బొమ్మ మారి ఉండేది?

అది పేద కూలీల కథ, చదువుకున్నవాళ్ల సంగతి వేరు అనేవాళ్లకు అమెరికా చరిత్రే జవాబు. 1917లో అమెరికా ఆసియాలో చాలా భాగం చుట్టూ ఒక గీత గీసి, ఆ లోపలివాళ్లు వలస రాకూడదంది. ఆ గీత లోపలే మనమూ ఉన్నాం. భగత్‌సింగ్‌ థిండ్‌ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, అక్కడ చదువుకున్నవాడు. అయినా 1923లో అమెరికా సుప్రీంకోర్టు అతను తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి అనర్హుడని తేల్చింది. అంతకు పదేళ్ల కిందటే నోబెల్‌ బహుమతి అందుకున్న టాగూర్‌ 1929లో కెనడా మీదుగా అమెరికా వెళ్లి, ఇమిగ్రేషన్‌ అధికారుల తీరుకు నొచ్చుకుని యాత్ర కుదించుకున్నారు. నడవడితో మెప్పించడానికి ఆయన కంటే గొప్ప రాయబారిని మనం ఎక్కడి నుంచి తేగలం? 1946లో భారతీయులకు ఏడాదికి వందమంది చొప్పున కోటా ఇచ్చారు. 1965లో దేశాలవారీ పాత కోటాలు తీసేసి, నైపుణ్యం ఉన్నవాళ్లకు, బంధువులకు ప్రాధాన్యం ఇచ్చారు. అక్కడి నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు. నలభై యాభై ఏళ్లు గడిచేసరికి భారతీయులంటే తెలివైనవాళ్లు, చట్టానికి లోబడేవాళ్లు, పిల్లలను బాగా చదివించేవాళ్లు అన్న పేరొచ్చింది. ఈ పేరు మన సంస్కారం వల్ల వచ్చిందని మన సభల్లో చెప్పుకుంటాం, చప్పట్లు కొట్టుకుంటాం. నిజానికి జల్లెడ పట్టింది అమెరికా చట్టం. జల్లెడలోంచి దిగినవాళ్లను చూసి అక్కడివాళ్లు బస్తా మొత్తానికి ధర కట్టారు. అదే దశాబ్దాల్లో అంతే సంస్కారం ఉన్న మన మనుషులు గల్ఫ్‌ వెళ్లారు. అక్కడి చట్టం ఇంకో జల్లెడ పట్టింది కాబట్టి అక్కడ భారతీయుడంటే ఇంకో బొమ్మ.

జల్లెడ ఇప్పటికీ చట్టంలోనే ఉంది, వెతికి చూడక్కర్లేదు. 1952 నాటి అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్‌ ప్రకారం పర్యాటక వీసా అడిగిన ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ మనిషే. హైదరాబాద్‌ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడిన రిటైర్డ్‌ టీచరమ్మకు దొరికే రెండు మూడు నిమిషాలు ఈ అనుమానాన్ని పోగొట్టడానికే. కూతురి ప్రసవానికి వెళ్లి తిరిగొస్తానని ఆమె చెప్పాలి, చెబితే అధికారి నమ్మాలి, నమ్మకపోతే అప్పీలు లేదు. కొన్ని దేశాలవాళ్లకు మాత్రం ఈ కిటికీయే లేదు. వాళ్లది వీసా మినహాయింపు పథకం. ఆ పథకంలో ఒక దేశం చేరాలంటే ఆ దేశస్థుల పర్యాటక వీసాల్లో తిరస్కరణలు 3 శాతం లోపు ఉండాలని చట్టమే చెబుతోంది. అంటే వ్యక్తిని అతని దేశపు శాతంతో తూచడం అధికారి దురభిమానం కాదు, అచ్చయిన నిబంధన. పోలండ్‌ 1999లో నాటోలో చేరి, ఇరాక్‌లో అమెరికాతో కలిసి సైన్యం దింపి కూడా 2019 నవంబరు దాకా ఈ గడప దాటలేకపోయింది.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, నడవడికి బొత్తిగా విలువ లేదంటావా అని. జపాన్‌ అభిమానులు ప్రపంచ కప్‌ ఫుట్‌బాల్‌ మ్యాచ్‌లు అయ్యాక స్టేడియంలో చెత్త ఏరి సంచుల్లో వేసుకుని వెళ్తారు. వాళ్లు ఓడినా లోకం మెచ్చుకుంటుంది. ఆ మెప్పు నిజమే, నేను కాదనను. కానీ మంచి నడవడి ముద్రను మార్చగలిగితే చెడ్డ నడవడీ మార్చాలి కదా. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌ నగరపాలక సంస్థ 18 నుంచి 35 ఏళ్ల బ్రిటిష్‌ మగవాళ్లను ఉద్దేశించి, తాగి గొడవ చేసే ఉద్దేశం ఉంటే మా ఊరు రావద్దని ప్రకటనలే వేసింది. ఒక నగరం ఒక దేశపు యువకులను వేలెత్తి చూపి, డబ్బు ఖర్చుపెట్టి రావద్దని చెప్పిన సందర్భం ఇది. అయినా బ్రిటిష్‌ యువకుడు వీసా లేకుండానే ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి, 180 రోజుల్లో 90 రోజులు షెంగెన్‌ దేశాల్లో తిరగగలడు. కాలువలో ఒక్క కాగితం ముక్క పడెయ్యని గుంటూరు గుమాస్తా మాత్రం 90 యూరోల రుసుము కట్టి, నెలల తరబడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, తిరుగు టికెట్టు, 30,000 యూరోలకు తగ్గని బీమా చూపించి, ఆ పైన నిరీక్షించాలి. పరువు గురించి మనకు నూరిపోసిన సిద్ధాంతం ఈ కౌంటర్‌ దగ్గర నిలవదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. వచ్చే ప్రతివాడి జాతకం ఏ రాజ్యమూ చూడలేదు, గడువు దాటి ఉండిపోయేవాళ్లు కొన్ని దేశాల నుంచి ఎక్కువ, కాబట్టి దేశాన్ని బట్టి జాగ్రత్తపడటం తప్పెలా అవుతుంది? తప్పని నేననను. సరిహద్దులున్నంత కాలం ఇలాంటి లెక్కలుంటాయి. అయితే ఆ లెక్క దేన్ని కొలుస్తోందో చూడాలి. 3 శాతం నిబంధన కొలిచేది ఎంతమంది గడువు దాటి ఉండిపోయారని కాదు, ఎంతమందిని అధికారులు తిరస్కరించారని. తమ అనుమానాన్నే తాము లెక్కపెట్టి, దాన్ని ఆ దేశపు స్వభావంగా చూపిస్తున్నారు. పైగా ఆ శాతాల్లో అంతరం వచ్చింది దేశాల ఆదాయాల మధ్య తేడా వల్లనైతే, దాన్ని ఆదాయాల తేడా అనే అనాలి. మనుషుల నిజాయితీ మీదికి నెట్టకూడదు. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి, అప్పీలుకు దారి ఉంచాలి. యూరప్‌ వీసా నియమావళి కారణాల పత్రాన్నీ, అప్పీలు హక్కునీ ఇస్తోంది. ఆ పత్రం చాలాసార్లు గళ్లలో టిక్కు పెట్టిన కాగితమే, అయినా ఏమీ లేనిదానికంటే నయం. మనం అడగాల్సింది ఇలాంటివి. మన ప్రభుత్వం చర్చల్లో అడగాల్సినవి కూడా ఇవే. పిల్లవాడికి విమానం ఎక్కేముందు నీతులు చెప్పడం చవకైన పని కనుక అది ముందు చేస్తాం.

చవకైన పనికి ఖరీదు వేరేచోట చెల్లిస్తాం. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌ రాష్ట్రంలోని ఓలేథాలో ఒక తెలుగు ఇంజనీరు కాల్పులకు బలయ్యాడు. నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చినవాడు, అతన్ని ఇరాన్‌వాడనుకున్నాడు. ఆ తర్వాత వారాల్లో అమెరికాలోని మనవాళ్ల మధ్య తిరిగిన సలహాలు గుర్తున్నాయా? బయట మాతృభాషలో గట్టిగా మాట్లాడొద్దు, వాదనకు దిగొద్దు అని. చనిపోయినవాడి నడవడిలో ఏ లోపమూ లేదు. అయినా బతికున్నవాళ్లకు చెప్పింది నడవడి దిద్దుకోమనే. ప్రయాణికుడు రాయబారి అన్న భావన చివరికి చేసే పని ఇది. ముద్ర వేసినవాణ్ణి వదిలి, ముద్ర పడినవాణ్ణి సంజాయిషీ అడుగుతుంది. మేం ఇరాన్‌వాళ్లం కాదని చెప్పుకోవాలనే ఆలోచన కూడా అప్పుడు కొందరికి వచ్చింది. అది ఇరాన్‌ నుంచి వచ్చిన ఇంకో ఇంజనీరు మీదికి తుపాకీ తిప్పడమే.

ఇది పరాయివాళ్లు మనకు చేసే అన్యాయం మాత్రమే అయితే ఈ ఉపన్యాసం ఇక్కడ ఆపేవాణ్ణి. మన రాజ్యమే తన పౌరుల మీద ముద్ర వేస్తుంది. 1983 ఎమిగ్రేషన్‌ చట్టం కింద పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్‌, అంటే ఎమిగ్రేషన్‌ తనిఖీ అవసరం అన్న ముద్ర తగిలిస్తారు. గల్ఫ్‌ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లకు ముందు అనుమతి కావాలి. ఉద్దేశం రక్షణ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ పల్లెల నుంచి వెళ్లి ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్లను చూస్తే ఆ రక్షణ అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ 2018 జనవరిలో విదేశాంగ శాఖ ఒక ప్రతిపాదన తెచ్చింది: వీళ్ల పాస్‌పోర్టు అట్ట నారింజ రంగులో ఉంటుందని. ఊహించండి. దుబాయ్‌ ఎయిర్‌పోర్టులో క్యూ, నీలం అట్టల మధ్య ఒక నారింజ అట్ట. కౌంటర్‌లో ఉన్నవాడు తెరిచి చూడకుండానే వీడు చదువుకోనివాడు, కూలీకి వచ్చినవాడు అని తెలుసుకుంటాడు. రక్షణకు కావాల్సిన వివరం కంప్యూటర్‌లో ఉంటే చాలదా? విమర్శలు రావడంతో ఆ నెల దాటకముందే ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నందుకు మెచ్చుకోవాలి. కానీ అలాంటి ఆలోచన రాగలగడం వెనక, విదేశంలో మన పరువు కాపాడేది నీలం అట్టవాళ్లే అన్న లెక్క ఉందని నా అనుమానం.

ఇక మన వీధుల సంగతి. 2016 జనవరి 31 రాత్రి బెంగళూరు శివార్లలో సూడాన్‌ దేశస్థుడు నడిపిన కారు కింద పడి ఒక స్త్రీ చనిపోయింది. అరగంట తర్వాత అదే దారిన వేరే కారులో వచ్చిన టాంజానియా విద్యార్థినిని, ఆమె స్నేహితులను గుంపు పట్టుకుని కొట్టింది, కారు తగలబెట్టింది. సూడాన్‌కీ టాంజానియాకీ ఉమ్మడి సరిహద్దు కూడా లేదు. రంగూన్‌లో చెట్టియార్‌ అప్పుకు తెలుగు కూలీ బదులు చెప్పినట్టే అక్కడ ఆ అమ్మాయి బదులు చెప్పింది. మన హైదరాబాద్‌లోనూ ఉస్మానియా, ఇఫ్లూ లాంటి విశ్వవిద్యాలయాలకు ఆఫ్రికా, అరబ్‌ దేశాల పిల్లలు చదువుకు వస్తారు, టోలిచౌకి లాంటి చోట్ల అద్దెకుంటారు. విదేశీయుడు దిగితే 24 గంటల్లో వివరాలు అధికారులకు పంపాలని చట్టం ఇంటి యజమానికి చెబుతోంది. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ కాగితం చూసి ఆ వివరాలు పంపితే యజమాని బాధ్యత తీరింది. కానీ నైజీరియావాళ్లకు ఇవ్వం, సోమాలియావాళ్లకు ఇవ్వం అని ఫోన్లోనే చెప్పేసే యజమానులు తక్కువమంది కాదు. కిందటేడు పక్క వీధిలో ఎవరో గొడవ చేశారని కారణం చెబుతారు. ఎదురుగా నిలబడ్డ పిల్లవాడు ఏ కోర్సు చదువుతున్నాడు, నెలకు ఎంత కట్టగలడు, అడ్వాన్సు ఎన్ని నెలలది ఇస్తాడు అని అడగడం మొదలుపెడితే చాలు, ఇంకే కుర్రాడినైనా అడిగినట్టే.